అమ్మా, చెంబూ, ఇరవై లీటర్ల తొట్టీ

నేను రాసిన నవలల్లో నాయికలు చాలా ప్రయాణాలు చేశారు. రైలెక్కి కాశ్మీరు దాకా వెళ్ళారు. బస్సులో మూడు రాష్ట్రాలు దాటారు. కిటికీ పక్కన కూర్చుని కన్నీళ్ళు కార్చారు, ఉత్తరాలు చింపి గాలికి వదిలారు, ఎదుటి సీటతన్ని ప్రేమించారు కూడా. కానీ ఒక్కతెకైనా దారిలో ఫలానా అవసరం కలిగిందని నేను ఏ అధ్యాయంలోనూ రాయలేదు. ఏ పాఠకురాలూ నన్ను అడగలేదు సుమండీ, ‘అమ్మా, మీ సుజాత పొద్దుటినుంచీ బస్సులోనే ఉంది కదా, మరి...’ అని. అడగకపోవడానికి కారణం మనందరికీ తెలుసు. ప్రయాణమంటే ముందురోజు సాయంత్రం నుంచే నీళ్ళు మానేసే జాతి మనది.

మా అమ్మ ఈ విద్యలో ఆరితేరింది. డెబ్భై మూడేళ్ళ మనిషి. రక్తపోటుకి డాక్టరు రోజూ ఒక బిళ్ళ రాసిచ్చాడు. వేసుకుంటే రెండు మూడు గంటలపాటు గడియకోసారి లేవాలి. ఊరు వెళ్ళాల్సిన రోజున ఆ బిళ్ళ ఎగ్గొట్టేది. నీళ్ళూ ఎగ్గొట్టేది. కిందటేడు ఒక పెళ్ళికి వెళ్ళొచ్చాక కాళ్ళు బూరెల్లా పొంగాయి, ఆపైన మూత్రంలో మంట, జ్వరం, ఐదు రోజులు ఇంజెక్షన్లు. డాక్టరు నన్ను కోప్పడ్డాడు, నేను అమ్మను కోప్పడ్డాను. అమ్మ మాత్రం ప్రశాంతంగా, “ఇగ ఏడికి పోను తియ్యి” అంది. సమస్య తీరిపోయింది, ఆవిడ లెక్కలో.

తీరలేదని నాకు తెలుసు. ఎందుకంటే అదే మనిషి పుష్యమాసం దగ్గర పడుతుంటే క్యాలెండరు ముందు నిలబడి, “అమాస నాడు నాగోబా జాతర. జైనూరు ఇడిసి ఎన్నేండ్లాయె!” అని తనలో తను అనుకునేది.

జైనూరులో మేం పన్నెండేళ్ళున్నాం. అప్పట్లో అది ఆదిలాబాదు జిల్లా. 2016 నుంచి కుమురం భీం జిల్లాలోకి వచ్చింది. నాన్నగారు టీచరు. మాకిచ్చిన క్వార్టరుకి రెండు గదులు, ఒక వంటిల్లు, ముందర ఒక వేపచెట్టు. మిగతాది లేదు. ఆ మిగతాదానికి తెల్లవారుజామున నాలుగింటికి ఆడవాళ్ళంతా గుంపుగా చెంబులు పట్టుకుని జొన్న చేల వైపు వెళ్ళేవారు. ఆదిలాబాదు చలి మీకు తెలిసే ఉంటుంది, పుష్యమాసంలో చెంబులో నీళ్ళు ముట్టుకుంటే వేళ్ళు కొంకర్లు పోతాయి. పాము భయం, అప్పుడప్పుడు ఎలుగుబంటి వచ్చిందన్న పుకారు. పొద్దెక్కాక అవసరమొస్తే మళ్ళీ చీకటి పడేదాకా ఆగడమే. ఆగడం అనే ఈ కళని అమ్మ అక్కడే నేర్చింది. నాకూ నేర్పింది. అక్షరాలు నాన్న నేర్పారనుకోండి.

అందుకని ఈసారి నేనొక నిర్ణయం తీసుకున్నాను. అమ్మని జాతరకీ, అక్కడినుంచి జైనూరుకీ, పక్కనే ఉన్న మార్లవాయికీ తీసుకెళ్ళాలి. బిళ్ళ వేసి, నీళ్ళు తాగించి మరీ.

ఇంతకీ ఈ ఆలోచన నాకు వచ్చింది కాదు. అమెరికాలో ఉన్న మా తమ్ముడి కష్టాల్లోంచి పుట్టింది. వాడు ఈమధ్య ఒక ఇల్లులాంటి బండి కొన్నాడు. మంచాలు, పొయ్యి, స్నానాల గది అన్నీ అందులోనే. సెలవులొస్తే పిల్లల్ని వేసుకుని ఏ అడవికో పోయి మకాం పెడతారు. అమ్మ దానికి ‘ఇల్లుబండి’ అని పేరు పెట్టింది. ఒకరోజు ఫోన్లో వాడి మొహం కనిపించింది కానీ నడుం వంచుకుని ఉన్నాడు.

“ఏమైందిరా?”

“తొట్టి లాగానక్కా.”

అప్పుడు బోధపడింది. ఆ బండి కింద రెండు తొట్లుంటాయట. వంటింటి నీళ్ళు, స్నానం నీళ్ళు పోయేది ఒకటి. వాటిని బూడిదరంగు నీళ్ళంటారు. రెండోది నల్లనీళ్ళది, వివరించనక్కర్లేదు. చాలా మకాముల్లో కరెంటూ, కుళాయీ ఇస్తారు గానీ మురుగు గొట్టం ఉండదు. తొట్టి నిండితే పరుపులూ కుర్చీలూ సర్దుకుని మొత్తం ఇంటిని కదిలించి, గేటు దగ్గర పారబోసే చోటికి తోలుకుపోవాలి. అంత బాధ లేకుండా, చక్రాలున్న చిన్న తొట్టి ఒకటి అమ్ముతారు. గొట్టం తగిలించి పెద్ద తొట్టిలోది ఇందులోకి దింపుకుని, దీన్ని మాత్రం లాక్కెళ్ళాలి.

మావాడు పిసినారితనంతో మొదట పదిహేను గాలన్లది కొన్నాడు. బండి కింది తొట్టేమో ముప్ఫై గాలన్లు. మీట తెరిచాడు. ఇక్కడ పదిహేనూ నిండాయి, పైనుంచి ఇంకా వస్తూనే ఉన్నాయి! ఆ తరవాత జరిగింది అమ్మ ఎదురుగా చెప్పాడు గానీ నేను మీకు చెప్పను. బుద్ధి తెచ్చుకుని ముప్ఫైరెండు గాలన్లది తెచ్చాడు. గాలను అంటే మూడు లీటర్ల ముప్పావు. లెక్క కట్టి చూడండి, నూట ఇరవై లీటర్ల పైమాటే, అంటే నూట ఇరవై కిలోలు. దానికి రెండే చక్రాలు. పిడి ఎత్తి లాగినప్పుడల్లా బరువంతా చేతుల మీదికి వస్తుంది. అదీ నడుం కథ. నాలుగు చక్రాలది తీసుకుంటే బరువు నేల మీదే ఉంటుందనీ, కారు వెనక కొక్కేనికి తగిలించుకుని గంటకి ఎనిమిది కిలోమీటర్లు మించకుండా పోవచ్చనీ తరవాత తెలిసిందట.

“గంటకు ఎనిమిదంటే ఎడ్లబండి కంటె జర ఎక్కువ” అంది అమ్మ. కాసేపాగి, “అమెరికల గూడ గిదే బాధనా?” అంది. ఆవిడ మొహంలో అంత తృప్తి నేనీమధ్య చూడలేదు.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. నూట ఇరవై లీటర్లది వాళ్ళకుంటే, మనకి తగ్గది పదో పన్నెండో లీటర్లది ఉండదా?

ఉంది. కరీంనగర్‌లో ముసలివాళ్ళకి పరికరాలు అమ్మే దుకాణాల్లో, ఫోన్లో తెప్పించుకునే అంగళ్ళలో రకరకాలున్నాయి. బి.ఏ.లో నేను ప్రబంధాలు చదివాను గానీ తొట్ల గురించి ఎవరూ చెప్పలేదు కాబట్టి, వారం రోజులు కాయితం మీద లెక్కలు వేశాను. మావారు పక్కనుంచి చూసి, కొత్త నవలకి కథ అల్లుకుంటున్నాననుకుని కాఫీ కూడా తనే పెట్టుకున్నారు.

అన్నిటికన్నా చవక, కుర్చీకి మధ్యలో రంధ్రం చేసి కింద బకెట్టు పెట్టేది. ఇంట్లో మంచం పక్కన అది బంగారం. కదిలే బండిలో మాత్రం వద్దు, ఉట్నూరు మలుపుల్లో ఆ బకెట్టు ఏం చేస్తుందో ఊహించుకోవచ్చు. ఇంకోటి మడత కుర్చీకి ప్లాస్టిక్ సంచి తగిలించి, తడిని ముద్దగా మార్చే పొడి చల్లేది. తేలిక, శుభ్రం. అయితే ఆ సంచీలు తరవాత ఎక్కడ పారేయాలి? పులుల అడవి పక్కనా? అది నా మనసుకి నచ్చలేదు.

మిగిలింది రెండంతస్తుల పెట్టె. పైఅంతస్తులో మంచినీళ్ళు, కూర్చునే చోటు. కింది అంతస్తు తొట్టి. రెండింటికీ మధ్య అడ్డుపలక, లాగితే తెరుచుకుంటుంది, తోస్తే గాలి కూడా దూరకుండా మూసుకుంటుంది. నిండిందీ లేనిదీ చెప్పడానికి పక్కన చిన్న కిటికీ. నింపాక కొక్కేలు విప్పి కింది పెట్టెను మాత్రం చేతితో పట్టుకెళ్ళొచ్చు. ఇవి పది పన్నెండు లీటర్లవీ ఉన్నాయి, ఇరవై లీటర్లవీ ఉన్నాయి.

ప్రకటనల్లో ఇరవై లీటర్లది యాభై సార్లకి వస్తుందని రాస్తారు. అది కాగితంతో పని కానిచ్చే వాళ్ళ లెక్క. మన లెక్క చెంబు లెక్క. అమ్మ చెంబు కొలిచాను, లీటరుంది. పైన ఒళ్ళు విడిచింది, పెట్టెలోంచి వదిలే నీళ్ళు, అన్నీ కలిపితే ఒక్కోసారికి లీటరున్నర తప్పదు. అంటే ఇరవై లీటర్లలో పదమూడు సార్లు. పన్నెండు లీటర్లదాంట్లో ఎనిమిది. ఆ చెంబు మార్చమని అడిగితే అమ్మ ఒప్పుకోలేదు. మూడు రోజులు బతిమాలాక చిన్న ముంతకి దిగింది.

బరువు చూస్తే చిన్నదే మేలు. ఇరవై లీటర్లది నిండితే ఖాళీ పెట్టె బరువుతో కలిపి ఇరవై రెండు ఇరవై మూడు కిలోలు, దాదాపు ఒక బియ్యం బస్తా. కానీ చిన్నవాటిలో ఎవరూ చెప్పని చిక్కొకటుంది: ఎత్తు. అవి జానెడున్నర కూడా ఉండవు. అంత కిందికి కూర్చుంటే అమ్మ మోకాళ్ళు మళ్ళీ లేవవు. పెద్దది దాదాపు మన భోజనాల కుర్చీ అంత ఎత్తు. ఎత్తు కావాలంటే బరువు, బరువు తగ్గాలంటే మోకాళ్ళు. ఈ ముడి నాకు ఎంతకీ విడలేదు. అమ్మే విప్పింది.

“బిందె పెద్దగున్నదని నిండ ముంచుతమా? సంకనెత్తేటంతనే ముంచుతం.”

నలభై ఏళ్ళు నీళ్ళు మోసిన మనిషి మాట. ఇరవై లీటర్లదే తెప్పించాం, సగానికే పారబోయాలని ఒప్పందం.

అయితే పారబోసేది ఎవరు?

ఈ ప్రశ్న టెంపో డ్రైవరు దగ్గర తేలింది. బండి మాట్లాడుకునేటప్పుడు, వెనక వరుస సీట్లు తీసేసి తెర కట్టుకుంటామనీ, ఫలానా పెట్టె పెట్టుకుంటామనీ చెప్పాను. మంచివాడే, నవ్వలేదు. “దాందేముందమ్మా, అక్కడ ఎవరినన్న పిలిస్తే వంద రూపాయలకు తీసి పారేస్తరు” అన్నాడు.

నేను సరేననబోతున్నాను. నిజమే చెబుతున్నాను, నోటి చివరిదాకా వచ్చింది ఆ సరే.

“వద్దు” అంది అమ్మ లోపల్నుంచి.

తరవాత వంటింట్లో చెప్పింది. కరీంనగర్‌లో వాళ్ళ పుట్టింటికి వెనక సందులో చిన్న తలుపుండేదిట, మోకాలెత్తు. రోజూ పొద్దున ఒకామె గంపా, రేకూ, బూడిదా తెచ్చుకుని ఆ తలుపు తీసి దొడ్డి ఎత్తేది. ఆమె వచ్చే వేళకి పిల్లలంతా ఇంట్లోకి పోవాలి. పండగనాడు అన్నం దూరం నుంచి వేసేవారు. “పదేండ్లు వచ్చింది. ఆమె పేరేందో నాకు ఇప్పటికీ తెల్వదు” అంది అమ్మ. పెరుగు గిన్నె మీద మూత పెట్టి, మళ్ళీ తీసి, మళ్ళీ పెట్టింది.

మనుషుల చేత ఈ పని చేయించకూడదని 1993లో ఒకటీ, 2013లో ఒకటీ చట్టాలొచ్చాయి. ఇదే పని చేసిన తెలుగు కుటుంబంలో, కోలారు బంగారు గనుల దగ్గర పుట్టిన బెజవాడ విల్సన్ దాన్ని ఆపడానికే జీవితం ధారపోశాడు. 2016లో మెగసెసే అవార్డు ఇచ్చారు. ఇవన్నీ నేను చదివినదాన్నే, ఒకసారి సభలో మాట్లాడినదాన్ని కూడా. అయినా వంద రూపాయలనగానే సరే అనబోయాను చూడండి.

సరే, నేనే ఎత్తాలని తేలింది. దానికి అమ్మ ఏడ్చింది. “నా ముడ్డి కింది తొట్టి నా బిడ్డ మొయ్యాల్నా?” అని. చిన్నప్పుడు నా బట్టలు నువ్వు ఉతకలేదా అన్నాను. “అది ఏరు, ఇది ఏరు” అంది. ఎట్లా వేరో చెప్పమంటే చెప్పలేదు. ప్రయాణం మాత్రం మానలేదు.

జగిత్యాల, ధర్మపురి, రాయపట్నం వంతెన, లక్సెట్టిపేట, జన్నారం. అక్కడినుంచి టేకు అడవి. రాయపట్నం దగ్గర గోదావరికి దణ్ణం పెట్టుకుని, బిళ్ళ వేసుకుంది. జన్నారం దాటాక బండి ఆపించి నేను తెర దించాను, పాత గద్వాల చీర. లోపల్నుంచి చాలాసేపు చప్పుడు లేదు. “ఏమైందమ్మా?” అంటే, “కొత్త జాగ. సిగ్గైతుంది” అంది. మావారు, డ్రైవరు దిగి టేకుచెట్లని తెగ పరిశీలించారు, ఆ చెట్లని అంతకుముందు ఎవరూ చూడనట్టు.

కెస్లాపూర్‌లో సాయంత్రానికి దిగాం. ఎటు చూసినా ఎడ్లబళ్ళు. మెస్రం వంశం వాళ్ళు కాలినడకన గోదావరి జలం తెచ్చి, మర్రిచెట్ల కింద మకాం పెట్టి, అమావాస్య అర్ధరాత్రి ఆ నీళ్ళతో నాగోబాకి పూజ మొదలుపెడతారు. కొత్త కోడళ్ళు తెల్లచీరల్లో వరసగా వచ్చి దేవుడి ముందు పరిచయమైతే గానీ వంశంలో కలిసినట్టు కాదు. ఆ పిల్లల్ని చూస్తూ నాకు పాడు ఆలోచనే వచ్చింది: పాపం, వీళ్ళు పొద్దుటినుంచీ నీళ్ళు తాగారో లేదో! రేకుల గదులు వరసగా పెట్టారు, పెట్టారని చెప్పాలి. మా చిన్నతనంలో అవీ లేవు. కానీ కూర్చుంటే లేవలేని వాళ్ళకి అవి ఉన్నా లేనట్టే.

మా బండి పక్కన ఎడ్లబండిలో దిగిన గోండు ముసలావిడ మా తెర వైపు రెండుసార్లు చూసి, అమ్మని ఏదో అడిగింది. అమ్మకి పన్నెండేళ్ళనాటి గోండు మాటలు నాలుగు గుర్తున్నాయి. రెండు మాటలూ, మిగతా సైగలూ. చివరికి అమ్మ ఆమెని చేయి పట్టుకుని తెర లోపలికి తీసుకెళ్ళింది. ఇద్దరూ నవ్వుకుంటూ వచ్చారు. తరవాత ఆమె కోడలు మాకు జొన్నరొట్టెలు తెచ్చిపెట్టింది. నా పదమూడుసార్ల లెక్క తప్పింది లెండి.

పొద్దున చిన్న కిటికీలో గుర్తు సగం దాటి పైకెక్కింది. దీన్ని వాగులోనో చేలోనో పోయకూడదు, మరుగుదొడ్డి గుంటలోనే పోయాలి. అంగళ్ళలో దీనికి నీలం మందు కూడా అమ్ముతారు. పాతరకం వాటిలో ఫార్మాలిన్ జాతి మందుంటుంది. వాసన చంపుతుంది, గుంటలో మురుగుని మట్టి చేసే సూక్ష్మజీవుల్నీ చంపుతుంది. అందుకని ఎంజైము మందు కొనుక్కున్నాను. జైనూరులో మా పాత పొరుగింటావిడ పెరట్లో ఇప్పుడు జంట గుంటల దొడ్డి ఉంది. ఒక గుంట నిండితే రెండోదానికి మళ్ళిస్తారు. మొదటిది ఏడాది పైన మూసి ఉంచితే ఎరువవుతుంది. ముందే ఫోన్ చేసి అడిగాను. “గిది గూడ అడుగుతరా, రాండ్రి” అంది.

ఉట్నూరు నుంచి జైనూరు దాకా ప్రతి గుంతకీ నా ప్రాణం వెనక సీటు దగ్గరే ఉంది. ఒక్క చుక్క కారలేదు. తీరా పెరట్లో దించాక నేనే తప్పు చేశాను. పోసేటప్పుడు గాలి బొత్తాం నొక్కి పట్టుకోవాలని పుస్తకంలో చదివాను, పైగా కింద గీత కూడా గీసుకున్నాను. వంచిన కంగారులో మరిచిపోయాను. పెట్టె గుడగుడమని, గుటకలు వేసి, ఒక్కసారి కక్కింది. నా చీర కుచ్చెళ్ళ మీద.

నేను అట్లాగే నిలబడ్డాను. అమ్మ గడపలోంచి చూసింది. ఏడుస్తుందేమోనని భయపడ్డాను. కర్ర పక్కన పెట్టి, గోడ పట్టుకుని వచ్చి, బొత్తాం మీద తన బొటనవేలు పెట్టి నొక్కింది. “ఇగ వంచు” అంది. ఇద్దరం కలిసి పోశాం. తరవాత రెండు చెంబుల నీళ్ళు పోసి తొట్టిని తనే కలియదిప్పింది. నన్ను బావి దగ్గర నిలబెట్టి నెత్తిన నీళ్ళు కుమ్మరించింది, ఐదేళ్ళప్పుడు చేసినట్టే, కళ్ళు మూసుకోమని కూడా చెప్పకుండా.

మధ్యాహ్నం మార్లవాయి వెళ్ళాం. హైమన్‌డార్ఫ్ దొర గోండుల మధ్య గోండు ఇల్లు కట్టుకుని ఉన్న ఊరు. 1943లో గోండు పిల్లలకి పాఠాలు చెప్పే టీచర్లకి శిక్షణ అక్కడే మొదలుపెట్టాడు. ఆయన భార్య బెట్టీ ఎలిజబెత్ 1987లో హైదరాబాదులో పోతే మార్లవాయికే తెచ్చి సమాధి చేశారు. 1995లో పోయిన ఆయన అస్థికలు కూడా తరవాత అక్కడికే చేరాయి. అమ్మ సమాధుల దగ్గర చాలాసేపు నిలబడింది. ఏ దైవచింతనలో ఉందోననుకున్నాను. “ఆ దొరసాని గూడ మన లెక్కనే పొద్దుగాల చెంబు పట్టుకొని పోయేదేమో గదా” అంది.

పుస్తకాల్లో ఎవరూ రాయలేదమ్మా అన్నాను. “రాయరు” అంది.

తిరుగు ప్రయాణంలో ఉట్నూరు దాటగానే, నేనేమీ అడక్కుండానే, “నీళ్ళ సీస ఇటియ్యి” అంది. సగం తాగింది. మూత పెట్టబోయి, మిగతాది కూడా తాగేసింది.

ఇప్పుడా పెట్టె మా బాల్కనీలో కడిగి, మూత తెరిచి ఆరబెట్టి ఉంది. రహస్యంగా ఉంచుదామనుకున్నాను గానీ, కింది వాటాలో పిన్నిగారు మొన్న వచ్చి గొంతు తగ్గించి అడిగారు. వాళ్ళత్తగారిని శ్రీశైలం తీసుకెళ్ళాలట. ఆవిడ కూడా దారిలో నీళ్ళు ముట్టరట. నేను వివరించబోయేలోపు అమ్మ లోపల్నుంచి కర్ర టకటకలాడించుకుంటూ వచ్చి పిన్నిగారిని కూర్చోబెట్టింది.

“ఇగో, సగం కాంగనే పారపొయ్యాలె, నిండనియ్యద్దు. పోసేటప్పుడు ఈ బొత్తం ఒత్తిపట్టాలె. మర్సిపోతే ఎట్లుంటదో మా బిడ్డను అడుగు.”